పిల్లల హక్కులు - ప్రపంచ ఒప్పందాలు, మన బాధ్యతలు

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ఆగింది. కాని ఓడిన దేశాలపై విధించిన దిగ్బంధం వెంటనే తొలగలేదు. జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో పసిపిల్లలు ఆకలితో అలమటించారు. శత్రువుల పిల్లలని చూడకుండా వారి కోసం విరాళాలు పోగుచేసిన బ్రిటిష్ మహిళ ఎగ్లాంటైన్ జెబ్. 1919లో ఆమె తన సోదరితో కలిసి 'సేవ్ ద చిల్డ్రన్' నిధిని స్థాపించారు. ఆమె రూపొందించిన అయిదు సూత్రాల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది.

తర్వాత 1946లో యునిసెఫ్ ఏర్పడింది. 1959లో ఐక్యరాజ్య సమితి పది సూత్రాలతో మరో ప్రకటన చేసింది. అయితే ప్రకటన హితవు మాత్రమే చెబుతుంది. ఒప్పందం ప్రభుత్వాలను జవాబుదారీ చేస్తుంది. అటువంటి బాలల హక్కుల ఒప్పందం 1989 నవంబరు 20న ఆమోదం పొందింది. ఇందులో 54 అధికరణాలున్నాయి. పేరు, జాతీయత, చదువు, వైద్యం, హింస నుండి రక్షణ - ఇవన్నీ బిడ్డ హక్కులేనని అది చెబుతుంది. మన దేశం 1992లో ఇందులో చేరింది.

ఈ ఒప్పందంలోని 20వ అధికరణాన్ని మనం ప్రత్యేకంగా గమనించాలి. ఇంటి నీడ కోల్పోయిన పిల్లల సంరక్షణకు దత్తతతో పాటు ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని 'కఫాలా'ను కూడా అది పేరుపెట్టి గుర్తించింది. కఫాలా అంటే అనాథ బిడ్డ పోషణ బాధ్యతను స్వీకరించడం. అన్నం పెడతాం, చదివిస్తాం, ప్రేమగా పెంచుతాం. కాని కన్నతండ్రి పేరును చెరిపివేయం. ఆ బిడ్డ ఆస్తిని మన ఆస్తిలో కలుపుకోం. బిడ్డను ఆదరించడానికి అతని వంశాన్ని మరిపించనవసరం లేదన్నమాట.

మరి ఆచరణ మాటేమిటి? 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహారు నుండి తెచ్చినవారు. అప్పటికి మన దేశం ఒప్పందంలో చేరి రెండు దశాబ్దాలు దాటింది. ఆ గాజులు కొన్న చేతుల్లో మన ఇళ్ళ చేతులూ ఉండవచ్చు కదా! జెనీవాలోని కమిటీ ప్రభుత్వాన్ని ప్రశ్నించగలదే గాని మన వీధిలోని కార్ఖానా తలుపు తట్టలేదు. ఆ పని ఇరుగుపొరుగువారిది.

కనుక మనం చేయవలసినవి ఇవి: బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. 6 నుండి 14 ఏళ్ళ వరకు ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు. ఆడపిల్ల విషయంలోనూ దానిని వదులుకోరాదు. ఇంటిపనికి, దుకాణానికి చిన్నపిల్లలను పెట్టుకోరాదు. ఎక్కడైనా బిడ్డ ఆపదలో ఉన్నట్లు తెలిస్తే 1098కి ఫోను చేయాలి. బంధువుల్లో యతీము ఉంటే అతని ఫీజు, పుస్తకాలు ఎవరు చూస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. ఎవరూ చూడడం లేదంటే ఆ బాధ్యత మన గుమ్మం ముందుకు వచ్చినట్లే.

పిల్లలు మన చేతికి అందిన అమానతు. దాని లెక్క ప్రభుత్వాలు ఐక్యరాజ్య సమితికి చెప్పుకుంటాయి. మనం మాత్రం అల్లాహ్ ముందు చెప్పుకోవాలి.