పాత మరపడవ – కొనుగోలుకు ముందు పరీక్ష

జలవిహారం ప్రాచీనకాలం నుంచీ మానవునికి ప్రీతిపాత్రమైన వినోదం. ఆ వినోదానికి ఆధారమైన పడవ ఎంత సుందరంగా ఉన్నప్పటికీ, నీరు లోపలికి చొరబడితే ఆ సౌందర్యం ప్రాణాన్ని కాపాడదు. ఈ సత్యాన్ని మన పూర్వులు బాగా ఎరుగుదురు. పదకొండో శతాబ్దానికి చెందిన ధారానగర ప్రభువు భోజుని పేర ప్రసిద్ధమైన 'యుక్తికల్పతరువు' అనే సంస్కృత గ్రంథంలో నౌకలకు పనికివచ్చే కలపను గురించిన వివేచన ఉన్నది. బరువును, గట్టిదనాన్ని బట్టి కలపను నాలుగు జాతులుగా విభజించిన ఆ గ్రంథం, వేరువేరు జాతుల కలప కలిపి కట్టిన ఓడ మన్నదని హెచ్చరిస్తుంది. సముద్రంలో తిరిగే ఓడ పలకలను ఇనుముతో బిగించరాదనీ, అయస్కాంత శిలలు దానిని లాగివేస్తాయనీ కూడా చెబుతుంది. చెప్పిన కారణం నేడు మనకు నవ్వు తెప్పించవచ్చు. కానీ ఉప్పునీటికీ ఇనుముకూ పొసగదన్న నావికుల అనుభవమే ఆ మాట వెనుక దాగి ఉండవచ్చునని నాకు తోస్తుంది.

నేటి విహార పడవ కలపతో కాక, ఎక్కువగా గాజునారతో, అనగా ఫైబర్‌గ్లాసుతో తయారవుతున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇటువంటి నమోదైన విహార నౌకల సంఖ్య కోటికి పైమాటే. అక్కడ కారు చేతులు మారినట్లే పడవ కూడా చేతులు మారుతుంది. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరానికి చేరువలో ఉన్న ట్రావిస్ సరస్సు వంటి చోట్ల సెలవుదినం గడిపే కుటుంబాలలో మన తెలుగువారు కూడా ఉంటారు. కొత్త పడవ ధర భరించలేని గృహస్థు పద్దెనిమిది, ఇరవై అడుగుల పొడవున్న పాత మరపడవను వెదకుతాడు. అతడు ఏమి చూడాలన్నదే ఈ పాఠంలోని విషయం.

అమ్మేవాడు మొదట చూపేది మెరుగుపెట్టిన పైభాగాన్ని. కొనేవాడు మొదట చూడవలసినది నీరు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ ఇంకిందో. పడవ వెనుక చివర ఇంజనును బిగించే నిలువు పలక ఉంటుంది. పాత పడవలలో ఈ పలక లోపల ప్లైవుడ్డు, దానికి ఇరువైపులా గాజునార పొర ఉండటం పరిపాటి. ఎవరో ఒక చిన్న పరికరాన్ని అమర్చడానికి మర బిగించి, ఆ రంధ్రాన్ని సరిగా మూయకపోతే చాలు, ఏళ్ల తరబడి చుక్కచుక్కగా నీరింకి లోపలి చెక్క కుళ్లిపోతుంది. పైపొర మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. రెండు వందల కిలోలు తూగే ఇంజను ఆ పలకను నమ్ముకొని వ్రేలాడుతున్నదని మరువరాదు.

దీనిని కనిపెట్టే ఉపాయం మన ఇళ్లలో ఉన్నదే. కుండ కొనే గృహిణి దానిని వేలితో కొట్టి, ఖంగుమంటే తీసుకొంటుంది. బొద్దుగా పలికితే పక్కన పెడుతుంది. పడవను పరీక్షించేవారు కూడా కొయ్యసుత్తితోనో, ప్లాస్టిక్ తల ఉన్న సుత్తితోనో పలకను జానెడు జానెడు దూరంలో మెల్లగా కొట్టుకొంటూ పోతారు. గట్టి చోట స్పష్టమైన ధ్వని వస్తుంది. కుళ్లిన చోట, పొరలు విడిపోయిన చోట మందమైన చప్పుడు వినబడుతుంది. తరువాత ఇంజను అడుగుభాగాన్ని పట్టుకొని పైకీ కిందికీ మెల్లగా ఊపి చూడాలి. ఆ ఊపుకు పలక కూడా కదిలిందంటే బేరం అక్కడితో ఆపడం మంచిది. నేలపై నడిచినప్పుడు కాలి కింద మెత్తగా దిగినట్లు తోస్తే, దాని అడుగున ఉన్న చెక్క కూడా చివికిందన్నమాట. కొన్ని పడవలలో నేల కింద తేలుటకై నురుగుపదార్థాన్ని నింపుతారు. అది నీరు పీల్చుకొంటే పడవ బరువెక్కుతుంది. ట్రైలరుతో సహా పడవను వేబ్రిడ్జిపై తూచి, తయారీదారు ప్రకటించిన బరువుతో పోల్చితే కంటికి కనబడని ఆ నీరు అంకెలలో కనబడుతుంది.

అడుగుభాగంలో చిన్న చిన్న పొక్కులు ఉండవచ్చు. పొర లోపలికి ఇంకిన నీరు అక్కడి రసాయనాలతో కలిసి వాటిని లేపుతుంది. పొక్కును చిదిపితే పుల్లని వాసన వస్తుంది. కొద్ది పొక్కులకు భయపడనక్కరలేదు, ధర తగ్గించుకొంటే సరిపోతుంది. కానీ ఒక చోటి నుంచి నక్షత్రంలా నలువైపులా పాకిన బీటలు దెబ్బకు గానీ ఒత్తిడికి గానీ గుర్తు; వాటి లోతు తెలియనిదే ముందుకు పోరాదు. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను ఫ్లోరిడా తీరంలో అనేక పడవలను దెబ్బతీసింది. అటువంటి విపత్తులలో చితికిన పడవలు కొత్త రంగు పూసుకొని దూర రాష్ట్రాల అంగడికి చేరే అవకాశం ఉన్నది. ఒకచోట మాత్రమే రంగు తాజాగా ఉంటే కారణం అడగాలి.

ఇక ఇంజను సంగతి. చూడవచ్చే సమయానికి దానిని ముందే వేడిచేసి ఉంచవద్దని అమ్మేవానికి చెప్పాలి, ఎందుకంటే చల్లని ఇంజను మొరాయింపును వేడి ఇంజను దాచిపెడుతుంది. సిలిండర్లన్నింటిలో పీడనం దాదాపు సమానంగా ఉండాలి. పది శాతానికి మించి తేడా ఉండరాదన్నది మెకానిక్కులు పాటించే లెక్క. ప్రొపెల్లరు పైనున్న గేర్ల పెట్టెలోని నూనెను కొద్దిగా తీసి చూడాలి. అది పాలవలె తెల్లబడి ఉంటే నీరు చేరిందని అర్థం. ఇంజను నడుస్తుండగా దాని వెనుక నుంచి సన్నని నీటిధార ఎడతెగక పడాలి. చల్లబరచే నీరు తిరుగుతున్నదనడానికి అదే నిదర్శనం. అదేవిధంగా ఇంజను అశ్వశక్తి, పడవలో అతికించిన సామర్థ్య ఫలకంలోని పరిమితిని దాటరాదు. వేగంపై మోజుతో పెద్ద ఇంజను తగిలించినవారు లేకపోలేదు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. కారులో కారిన ఆవిరి కిందికి దిగి రోడ్డు మీద చెదిరిపోతుంది. పడవలో అది పోవడానికి దారి లేక అడుగున పేరుకొంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కనుకనే ఇంజను లోపల అమర్చిన పడవలలో దానిని నడిపే ముందు నాలుగు నిమిషాలు గాలిపంకా తిప్పాలన్న హెచ్చరిక రాసి ఉంటుంది. పాత యజమాని పొదుపు కోసం కారు స్టార్టరు మోటారునో, ఆల్టర్నేటరునో బిగించాడేమో చూడాలి. చూపులకు అవి ఒకేలా ఉంటాయి, ధర తక్కువ, బాగానే పనిచేస్తాయి. కానీ నౌకల కోసం చేసిన భాగాలకు ఉన్నట్లుగా నిప్పురవ్వను బయటికి రానీయని కట్టుదిట్టం వాటికి ఉండదు. బీటలు వారిన ఇంధనపు గొట్టాన్ని చూచి ఉపేక్షించడం కూడా ఇటువంటిదే.

ఒడ్డున ఎంత పరీక్షించినా నీటిపై నడిపి చూడనిదే నిర్ణయం తగదు. అడుగుభాగం పొడిగా ఉన్నదని నిశ్చయించుకొని బయలుదేరి, పూర్తి వేగంతో కొంతసేపు నడిపి, తిరిగివచ్చి మళ్లీ చూడాలి. ఇరవై ఆరు అడుగులకు లోపు మరపడవ వేగంగా పోతున్నప్పుడు, నడిపేవాడు నీటిలో పడితే ఇంజనును ఆపివేసే తాడును ధరించాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అక్కడి చట్టం నిర్దేశిస్తున్నది. అది పనిచేస్తున్నదో లేదో అప్పుడే తేల్చుకోవాలి. లైఫ్ జాకెట్ల సంగతి మనకు వేరుగా చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన విహారపడవ దుర్ఘటన ఇంకా మన జ్ఞాపకంలో ఉన్నది. కొనబోయే పడవలో ఎక్కవలసిన పిల్లల కొలతకు సరిపడే జాకెట్లు ఉన్నవో లేవో లెక్కించుకోవాలి.

కాగితాల విషయంలో, పడవ వెనుక పలకపై కుడివైపున చెక్కిన పన్నెండు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య యాజమాన్య పత్రంలోని సంఖ్యతో సరిపోవాలి. దానిని గీకిన జాడ ఉంటే దొంగసొత్తని శంకించాలి. పడవపై బ్యాంకు అప్పు మిగిలి ఉన్నదేమో విచారించాలి. మెరైన్ సర్వేయరును కొనేవాడే స్వయంగా నియమించుకోవాలి, అమ్మేవాడు సూచించిన వ్యక్తిని కాదు. బయానా ఇచ్చేటప్పుడు, సర్వేయరు నివేదిక ప్రతికూలంగా వస్తే ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతును కాగితం మీద రాయించుకొని సంతకం తీసుకోవాలి.

అభ్యాసం
1. కుండను పరీక్షించే పద్ధతికీ, పడవ వెనుక పలకను పరీక్షించే పద్ధతికీ గల పోలికను వివరించండి.
2. కారు విడిభాగాలను పడవలో వాడటం ఎందుకు ప్రమాదకరం?
3. మీ ప్రాంతంలోని నది, చెరువు లేదా సముద్రతీరంలో పడవ నడిపే వ్యక్తిని కలిసి, ఆయన రోజూ బయలుదేరే ముందు ఏమేమి చూచుకొంటారో తెలుసుకొని ఒక పుటలో రాయండి.