కొయ్యగుర్రం చదివి నేను తెలుసుకొన్నది



నేను సముద్రం చూడలేదు. మన చొప్పదండికి అది చాలా దూరం. ఈ నెల తెలుగు సారు నగ్నముని గారి 'కొయ్యగుర్రం' అనే దీర్ఘకవిత గురించి చెప్పి, పుస్తకం ఇచ్చారు. ఆయన దిగంబర కవులు ఆరుగురిలో ఒకరు. 1977 నవంబర్ 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచిన ఉప్పెన మీద ఇది రాశారు.

ఉప్పెన అంటే పెద్ద వాన అనుకొన్నాను. కాదు. తుఫాను గాలి సముద్రం నీళ్లను ఒడ్డుకు నెట్టుకొస్తది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ. నీళ్లకు కిందికి, వెనక్కి పోను జాగ ఉండదు, అందుకే పైకి లేస్తయి. ఆనాడు సుమారు 5 మీటర్ల ఎత్తు లేచినయట. మనం పండుకునే గది కప్పు కంటే ఎత్తు! దివిసీమ కృష్ణానది పాయల నడుమ చదును నేల. ఎక్కుదామంటే మాకున్నట్టు గుట్ట లేదు. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు.

ఇంత భయంకరమైనదాన్ని కవి ఎట్లా చూపించారు? అలల గురించే ఉంటుందనుకొన్నాను. కాని పేరు సముద్రం మీద పెట్టలేదు, కొయ్యగుర్రం మీద పెట్టారు. నాకు ముందుగాల నిర్మల్ బొమ్మ గుర్తొచ్చింది. పొనికి కర్రతో చేస్తరు, మంచి రంగులేస్తరు. చూస్తే ఇప్పుడే ఉరుకుతదనిపిస్తది, కాని ఒక్క అడుగు కదలదు. జనం మునుగుతుంటే కదలని పాలన కూడా అసుంటిదే అని సారు చెప్పారు. సముద్రానికి మనసు లేదు కదా, దాన్ని తిట్టి ఏం లాభం? కవి కోపమంతా గుర్రం మీదనే.

ఇక్కడ నేను పుస్తకం మూసి కూర్చున్నాను. మూడేండ్ల కింద వానకాలంలో మా చిన్నమ్మకు నొప్పులొచ్చినయి. మంచం మీద మోసుకపోతే వాగు నిండుగ ఉంది. వంతెన లేదు. తెల్లారేదాక ఒడ్డు మీదనే ఉన్నం. చిన్నమ్మ బతికింది, బిడ్డ దక్కలేదు. వంతెన కోసం మా పెద్దమనుషులు ఎన్నిసార్లు కాయితం పెట్టిన్రో. ఆ రాత్రి మాత్రం అందరం వాగునే తిట్టినం. నేను కూడా తిట్టిన.

సెలవులకు పోయినప్పుడు ఇదంతా మా నాయినమ్మకు గోండిలో చెప్పబోతే ఉప్పెనకు నాకు మాట దొరకలేదు. "వాగు పైనుంచి వస్తది కదా, ఇది కిందినుంచి వస్తది" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గుర్రం కొయ్యదైతే మరి దాని మీద కూసున్నదెవరు?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. అందుకే పుస్తకం మళ్లీ తీసుకొన్నాను. సోమవారం ఇచ్చేస్తాను. తరువాత కావలసినవాళ్లు సారు దగ్గర పేరు రాయించుకోండి.

– 9వ తరగతి విద్యార్థిని