నొప్పిని దాచుకోవడం ధైర్యం కాదు



ప్రతి నెలా ఈ పేజీలో ఇంగ్లీషు చదవడం, స్పెల్లింగులు, చేతిరాత గురించి రాస్తుంటాను. ఈ నెల మాత్రం కాలి నొప్పి గురించి రాస్తున్నాను. మన స్కూలు పిల్లలు ఆటల పోటీలకు సిద్ధమవుతున్న రోజులివి. ఈ సమయంలో నేనూ, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడూ ఒకే తప్పు చేశాం. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ పాఠం.

మాది ఉదయగిరి. వారమంతా ఆత్మకూరులో ఉండి పాఠాలు చెబుతాను, సెలవులకు ఇంటికి వెళతాను. పోయిన ఏడాది క్లాసులో లక్ష్యాల గురించి గట్టిగా ఉపన్యాసం ఇస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక పాప లేచి, "మీ గోల్ ఏంటి మేడమ్?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ వారమే ట్రయాథ్లాన్ చేయాలని నిర్ణయించుకున్నాను.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు మూడూ మధ్యలో విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే పోటీ. ఆ పేరుతో తొలి పోటీ 1974లో అమెరికాలోని శాన్‌డియేగోలో జరిగింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి చోటు దక్కింది. ఒలింపిక్ దూరం 1,500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. నాలాంటి కొత్తవాళ్ల కోసం స్ప్రింట్ అనే పోటీ ఉంది. అందులో సరిగ్గా సగం: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు.

ఈత నాకు చిన్నప్పుడే వచ్చు. నడుముకు బెండు కట్టి మా మామయ్య పొలం బావిలో దింపేవాడు. ఇప్పుడు వీలైన ఆదివారాలు నెల్లూరు వెళ్లి ఈతకొలనులో సాధన చేస్తున్నాను. వెళ్లని ఆదివారం ఆత్మకూరు నుంచి సోమశిల వైపు సైకిలు తొక్కుతాను. ఇబ్బంది వచ్చిందల్లా పరుగుతోనే.

తప్పు ఎక్కడ జరిగింది?

మొదటి నెల వారానికి 9 కిలోమీటర్లు పరిగెత్తాను. బాగానే ఉంది కదా అని రెండు వారాల్లో దాన్ని 20 చేశాను. అదీ తారురోడ్డు మీద, అరిగిపోయిన బూట్లతో. కుడికాలి ముందు ఎముక లోపలి వైపు, చీలమండకు కొంచెం పైన సన్నగా నొప్పి మొదలైంది. మొదట్లో పరుగు మొదలుపెట్టగానే వచ్చి, ఒళ్లు వేడెక్కాక పోయేది. తరువాత పరుగంతా ఉండేది. చివరికి బోర్డు దగ్గర నిలబడినా తెలిసేది. నేనేం చేశానంటే, పొద్దున్నే నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తాను. ఎవరికీ చెప్పలేదు. మొదలుపెట్టి మానేసిందని నలుగురూ అనుకుంటారని భయం.

అదే రోజుల్లో గ్రౌండులో ఖోఖో సాధన చేస్తున్న ఎనిమిదో తరగతి అబ్బాయి మడమ ఆనించకుండా మునివేళ్ల మీద నడుస్తూ కనిపించాడు. "ఏమైంది నాన్నా?" అంటే "ఏం లేదు మేడమ్" అన్నాడు. మళ్లీ అడిగాను. "చెప్తే టీములోంచి తీసేస్తారు. మా నాన్న సాకులంటాడు" అన్నాడు. నొప్పి దాచకూడదని నాలుగు మాటలు చెప్పబోయాను. వాడు నా కాలి వైపు చూసి, "మీరూ కుంటుతున్నారు కదా మేడమ్" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ శనివారమే నెల్లూరులో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అబ్బాయి వాళ్ల నాన్నగారికి కూడా ఫోన్ చేశాను.

అలసట వేరు, గాయం వేరు

కొత్తగా కష్టపెడితే కండరాలు నొప్పి పుట్టడం మామూలే. ఆ నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది, కండ అంతటా పట్టేసినట్టుంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. దానికి భయపడక్కర్లేదు.

గాయం నొప్పి తీరు వేరు. అది తరచుగా ఒకే చోట ఉంటుంది. వేలు పెట్టి చూపించగలిగేలా ఉంటుంది. ఆడిన ప్రతిసారీ తిరిగి వస్తుంది, రోజురోజుకూ ముందుగా మొదలవుతుంది. డాక్టరు నా కాలిని నొక్కుతూ చూశారు. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంది కాబట్టి అది షిన్ స్ప్లింట్స్ అన్నారు. ఎముక మీద ఒక్క బిందువులోనే గుచ్చినట్టుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి పగులు, అని అనుమానిస్తారట. అది మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎమ్మారై అవసరం పడుతుంది. నొప్పి మాత్రలతో ఇలాగే పరిగెత్తితే మొదటిది రెండోదిగా మారే ప్రమాదం ఉందని గట్టిగానే చెప్పారు.

పిల్లల ఎముకలు మన ఎముకల్లాంటివి కావు

పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇక్కడే తేడా. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అవి గట్టిపడని మెత్తటి భాగాలు. పిల్లవాడు ఒక్కసారిగా పొడవయ్యే ఏడాదిలో ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడి బిగుసుకుంటుంది. గెంతిన ప్రతిసారీ ఆ బిగిసిన కండరం మెత్తటి చోటును లాగుతుంది.

ఆ లాగుడు మడమ దగ్గరైతే సీవర్స్ డిసీజ్ అంటారు. ఎక్కువగా 8 నుంచి 14 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. మోకాలిచిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి పెడితే ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. అది 10 నుంచి 15 ఏళ్ల మధ్య ఎక్కువ. పేర్లు విని భయపడకండి. ఆట తగ్గించి, కండరాలు సాగదీసే వ్యాయామాలు చేస్తే ఇవి చాలావరకు తగ్గిపోతాయి. దాచుకుని ఆడితేనే నెలల తరబడి పీడిస్తాయి.

మన ఇళ్లలో "ఎదిగే పిల్లాడు, నొప్పులుంటాయిలే" అంటాం. ఎదుగుదల నొప్పులు ఉన్న మాట నిజమే. కానీ అవి సాధారణంగా రెండు కాళ్లలోనూ సాయంత్రమో రాత్రో వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. పగలు పిల్లలు మామూలుగానే గెంతుతారు. ఎదుగుదల నొప్పితో ఏ పిల్లవాడూ పగలంతా కుంటడు. కుంటుతుంటే దానికి వేరే కారణం ఉంది.

సింధు కథను పూర్తిగా చెబుదాం

"సింధు నొప్పితో ఆడి గోల్డ్ కొట్టలేదా?" అని మీటింగులో ఒక తండ్రి అడిగారు. కొట్టారు. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఎడమకాలి నొప్పితోనే ఆడి మిషెల్ లీపై 21-15, 21-13తో గెలిచారు. మనం పిల్లలకు చెప్పేది ఇంతవరకే.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. హైదరాబాద్ వచ్చి పరీక్ష చేయిస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచి ఆమె తప్పుకున్నారు. తిరిగి కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో, మలేషియా ఓపెన్‌కు. అక్కడ మొదటి రౌండులోనే కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయారు. అప్పటికే రెండు ఒలింపిక్ పతకాలున్న క్రీడాకారిణికి, చుట్టూ ఫిజియోలు, కోచ్‌లు ఉన్నా, ఐదు నెలల విరామం తప్పలేదు. పదమూడేళ్ల పిల్లవాడి మడమకు రెండు నెలలు ఇవ్వలేమా?

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌ను కూడా గుర్తుచేసుకోండి. 1994లో పుణె జాతీయ క్రీడల్లో ఆయన మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001లో, అంటే ఏడేళ్ల తర్వాత. పిల్లలకు ఆ ఏడేళ్ల గురించి కూడా చెప్పాలి.

మానేయడం కాదు, మార్చుకోవడం

"అయితే ఆటలు మానిపిస్తాం" అనుకునే తల్లిదండ్రులూ ఉంటారు. పిల్లలు నొప్పి దాచడానికి ఆ భయం కూడా ఒక కారణం. డాక్టరు నాకు మానేయమనలేదు. నాలుగు వారాలు పరుగు ఆపి, కాలి మీద బరువు పడని ఈత కొనసాగించమన్నారు. నొప్పి రానంతవరకు సైకిలు కూడా తొక్కవచ్చన్నారు. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించే వ్యాయామం రోజూ చేయమన్నారు. ఐదో వారం నుంచి రోజు విడిచి రోజు, మట్టి గ్రౌండులో, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. బూట్లు మార్చాను. వారానికి పదోవంతు కంటే ఎక్కువ దూరం పెంచకూడదన్నది చాలామంది కోచ్‌లు చెప్పే సూత్రం. ఇప్పుడు దాన్ని తప్పడం లేదు.

విసుగు రాలేదని చెప్పను. ఇంటికి వెళ్లినప్పుడు మా ఉదయగిరి కొండను చూస్తే ఒకటి గుర్తొస్తుంది. కృష్ణదేవరాయలు 1513లో ఆ కోటను ముట్టడిస్తే అది ఆయన చేతికొచ్చింది 1514లో. అంత సైన్యం ఉన్న రాజే కొండ కింద కాచుకుని కూర్చున్నాడు. నాది నాలుగు వారాలే.

అబ్బాయిది సీవర్స్ అని తేలింది. గెంతడం, పరిగెత్తడం కొన్నాళ్లు ఆపి, బూటులో మడమ కింద మెత్తటి ప్యాడ్ పెట్టుకోమన్నారు. పోటీలకు టీము వెళ్లిన రోజు వాడు ఏడ్చాడు. వాళ్ల నాన్నగారు స్కూలుకు వచ్చి, "నేనే తిట్టాను మేడమ్, చదువు ఎగ్గొట్టడానికి సాకు అనుకున్నా" అని కళ్లు దించుకున్నారు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనూ నా కాలికి అదే మాట చెప్పాను.

ఇంట్లో ఈ నెల చేయవలసిన పని

ఒకటి. ఆట నుంచి వచ్చిన పిల్లలను "గెలిచావా?" అని అడిగే ముందు "ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడగండి. ఉందంటే తిట్టకండి. ఒక్కసారి తిడితే రెండోసారి చెప్పరు.

రెండు. డైరీలో చివరి పేజీ తీసి రోజూ సున్నా నుంచి పది వరకు నొప్పికి మార్కు వేయించండి. మూడు లోపు ఉండి, తెల్లారేసరికి తగ్గితే ఆడుకోవచ్చు. నాలుగు, ఐదు అయితే ఆట సగానికి తగ్గించండి. అంతకు మించినా, కుంటినా ఆ రోజు ఆట ఆపండి.

మూడు. ఆటకు ముందు నొప్పి మాత్ర, సూది వద్దు. అవి నొప్పిని కప్పుతాయి, గాయాన్ని మాన్పవు. ఎక్స్‌రే లేకుండా నాటుకట్టు కట్టించడం, నొప్పి ఉన్నచోట గట్టిగా మర్దన చేయడం కూడా వద్దు.

నాలుగు. వారానికి కనీసం ఒక రోజు ఆటకు పూర్తి సెలవు ఇవ్వండి. నిద్ర కూడా లెక్క చూసుకోండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. స్టడీ అవర్, ఆట రెండూ పెట్టి నిద్రలో కోత వేస్తే ఎముక మానదు, చదువూ ఎక్కదు.

ఐదు. ఒకే కాలిలో నొప్పితో రాత్రి నిద్ర లేస్తున్నా, వాపు ఉన్నా, కీలు నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కాలు ఆనించలేకపోయినా, రెండు వారాలైనా నొప్పి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పిల్లలు మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే తుంటిని కూడా చూడమని అడగండి. లోపం తుంటిలో ఉండి నొప్పి మోకాలిలో తెలిసే జబ్బులు ఈ వయసులో ఉన్నాయి.

నా పోటీ వచ్చే నెల. ఈ వారానికి మూడు కిలోమీటర్లు నొప్పి లేకుండా పరిగెత్తగలుగుతున్నాను. ఐదు కావాలి. పోటీకి పది రోజుల ముందు డాక్టరు మళ్లీ చూస్తారు. వద్దంటే వెళ్లను. ఆ మాట క్లాసులో అందరి ముందూ చెప్పాను. అబ్బాయి ఇప్పుడు రోజూ ఉదయం నా డైరీ చూసి, "ఈరోజు ఎంత మేడమ్?" అని అడుగుతాడు. నిన్న ఒకటి. వాడిది సున్నా.

ఈ సాయంత్రం మీ పిల్లలను మీరూ అడగండి. వచ్చే పేరెంట్స్ మీటింగుకు ఆ డైరీ పేజీ తీసుకురండి. మార్కుల కార్డుతో పాటు అదీ చూద్దాం.

మీ పిల్లల ఇంగ్లీషు టీచర్,
ఆత్మకూరు బ్రాంచి