బొమ్మరింటి గోడలకు కాగితము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పుదురు. మన పిల్లలు ఈ రెండు పనులను ఆటలోనే చేసి చూతురు. బొమ్మరిల్లు కట్టుదురు, అందులో బొమ్మల పెండ్లి జరిపింతురు. ఈ ఆటను పాఠముగా మార్చవచ్చునని తలచి, మేము 5వ తరగతి పిల్లలచేత అట్టలతో బొమ్మరిల్లు కట్టించి, దాని గదుల గోడలకు రంగుకాగితము అంటింపజేసితిమి. ఆ పాఠము నడచిన తీరును తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మత్తిగిరి ప్రాంతపు పాత ఇండ్లకు సున్నము కొట్టి, గోడ అడుగున ఎఱ్ఱమంటితో పట్టె తీర్చుదురు. గోడలకు కాగితము అంటించు వాడుక చలిదేశములలో ఎక్కువ. ఇంగ్లండులోని విండ్సరు కోటలో మేరీరాణి బొమ్మరిల్లు ఒకటి గలదు. అది 1921-1924 సంవత్సరముల నడుమ నిర్మితమైనది. ఢిల్లీలోని రాష్ట్రపతి భవనమునకు రూపకల్పన చేసిన ఎడ్విన్ లుట్యెన్సే దీనికిని రూపకల్పన చేసెను. అందులోని వస్తువులు అసలు వస్తువులలో 12వ వంతు పరిమాణము గలవి. మేమును ఆ కొలతనే తీసికొంటిమి.

మా గది పొడవు 28 సెంటీమీటర్లు, లోతు 20, ఎత్తు 25. ఎత్తును 12తో గుణించిన 300 సెంటీమీటర్లు, అనగా 3 మీటర్లగును. కాగితముపై పూవు 5 సెంటీమీటర్లున్నచో బొమ్మకు అది 60 సెంటీమీటర్ల పూవు. భోజనము పళ్లెముకంటె పెద్దది! కనుక చిన్న పూల కాగితమునే ఎన్నుకొనవలెనని పిల్లలే తేల్చిరి.

ఇక లెక్క. ముందువైపు తెరచియుండును గనుక గోడలు మూడే. వాని మొత్తము పొడవు 28+20+20=68. ఎత్తుతో గుణించిన 1700 చదరపు సెంటీమీటర్లు. ఇందులో వాకిలి 8×18=144, కిటికీ 7×8=56; రెండును 200. తీసివేయగా మిగిలినది 1500. మేము తెచ్చిన కాగితము 71 సెంటీమీటర్ల పొడవు, 56 సెంటీమీటర్ల వెడల్పు, వైశాల్యము 3976. ఒక కాగితము రెండున్నర గదులకు పైగా వచ్చునని ఒక బాలుడు గట్టిగా చెప్పెను. కత్తెర చేతికిచ్చితిమి. అంచులు మడచుటకు నాలుగు వైపుల ఒక్కొక్క సెంటీమీటరు వదలవలెను గదా! అప్పుడు గదికొక్కటికి 70×27 కొలతగల ముక్క కావలసివచ్చినది. అట్టివి రెండే వచ్చినవి. లెక్క తప్పు కాదు. కాని వైశాల్యము ఒక్కటే చాలదని, ముక్క ఆకారమును కూడ చూడవలెనని ఆ బాలునికి తెలిసినది. నల్లబల్లపై పదిసార్లు చెప్పినను ఇంత బాగుగ తెలిసెడిది కాదు.

అంటించు పద్ధతి ఇది. ఒక గిన్నె మైదాపిండిని ముందు కొంచెము చన్నీటితో ఉండలు లేకుండ కలిపి, అయిదు గిన్నెల నీటితో ఉడికింపవలెను. పురుగు పట్టకుండుటకు కొందరు మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక పిల్లల పనిలో కూడదు. ఏనాటి జిగురు ఆనాడే కాచుకొనుట మేలు. మొదట పాత వార్తాపత్రికను గదిలో ఒత్తి, మడతల వెంబడి కత్తిరించి నమూనా చేసికొనవలెను. పైకప్పు లోపలివైపు ముందు, గోడలు తరువాత, నేల చివర. వాకిలి, కిటికీలపైకూడ కాగితమును పరచి, ఆరిన పిదప మూలనుండి మూలకు ఏటవాలుగా చీల్చి, ఆ చెక్కలను వెనుకకు మడచి అంటింపవలెను.

మొదటి గది చెడిపోయినది. కాగితము ముడతలు పడెను, అట్ట వంకరపోయెను. తడిసిన కాగితము సాగును, ఆరినపుడు ముడుచుకొని అట్టను లాగును. కనుక జిగురు పూసిన వెంటనే అంటింపక, కొన్ని నిమిషములు నాననిచ్చి అంటింపవలెను. అట్టకు వెలుపలివైపునను కాగితము అంటించినచో రెండు వైపుల లాగుడు సమమగును. రెండవ గది చక్కగా నిలిచినది.

ఇంతవరకు సంతోషమే. కాని పని నడచుచుండగా మేము విన్న మాటలు మమ్ము కలవరపెట్టినవి. "వాలుకు అంటించు, డోరు విడిచిపెట్టు, విండో కొయ్యి." గోడ, వాకిలి, కిటికీ యను మాటలు వారికి తెలియనివి కావు, నోటికి రాకున్నవి. గడప, దూలము, అటక, పడసాల యను మాటలైతే కొందరికి తెలియనే తెలియవు. మరునాడు ఇంట అడిగి రమ్మంటిమి. ఒక బాలిక తన అవ్వను అడిగి "గూడు" అను మాట తెచ్చినది. గోడలో దీపముంచు చోటట! వెంటనే బొమ్మరింటి గోడకు గూడు కోసి, కాగితము అంటించి, చిన్న ప్రమిద పెట్టిరి. మరియొకడు "అరుగు" తెచ్చెను. దానినే కన్నడమువారు జగలి యందురు, తమిళులు తిణ్ణై యందురు. మూడు భాషల నడుమ నున్న మన పిల్లలకు మూడు మాటలును రావలెను. అందు మనది పోరాదు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగములో 350ఏ అధికరణము 1956లో చేర్చబడినది. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రములో తమిళము నేర్చుట విధియైనది. తమిళము కావలెను, ఆంగ్లమును కావలెను, మేము కాదనము. చట్టము తెలుగు బడిని నిలుపగలదు గాని, ఇంటిలో మాటలాడింపజాలదు. అది తల్లిదండ్రులైన మీ చేతిలోనిది.

దసరా బొమ్మల కొలువునకు ముందు ఒక ఆదివారము పిల్లలతో కూర్చుండుడు. పాత అట్టపెట్టె, పాత క్యాలెండరు కాగితము, పిడికెడు మైదా చాలును. చేయుచున్నంతసేపు ప్రతి భాగమును దాని తెలుగు పేరుతో పిలువుడు. మా బొమ్మరిల్లు 5వ తరగతి గదిలో నున్నది. ప్రక్కన ఖాళీ చీటీలుంచితిమి. బడికి వచ్చినపుడు మీ ఇంటి మాట యొకటి వ్రాసి, ఆ మాటకు చెందిన చోట అంటించి పోవలెనని కోరుచున్నాము.