ఆవిరి యంత్రం వెనుక ఒక పగలు

ఉక్కు నగరంగా జంషెడ్‌పూరు పేరు ఎరుగని విద్యార్థి మన దేశంలో ఉండడు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడడం, సాక్చి అనే గ్రామం వద్ద కర్మాగారం వెలయడం, 1912లో మొదటి ఉక్కు దిమ్మె బయటికి రావడం, 1919లో సాక్చి జంషెడ్‌పూరుగానూ, సమీపంలోని కాళీమాటి స్టేషను టాటానగర్‌గానూ మారడం పాఠ్యగ్రంథాలలో చదివే సంగతులే. కాని ఇదే పట్టణం ఒకప్పుడు రైలు ఇంజన్ల ఊరు కూడా. ఇరవయ్యేళ్ల కాలంలో ఇక్కడినుండి వెయ్యికి మించిన ఆవిరి ఇంజన్లు పట్టాలెక్కి దేశం నలుమూలలకూ పోయాయి. ఈ సంగతి మాత్రం ఉక్కు కీర్తి వెనుక మరుగునపడింది.

పాత ఇంజన్ల వెనుక ప్రత్యేకంగా అద్దెకు తీసుకొన్న రైళ్లలో ఒక పగలంతా ప్రయాణించి రావడం ఇటీవలి దశాబ్దాలలో అనేక దేశాలలో ఒక వేడుకగా పెరిగింది. మన దేశంలోనూ దీనికి అభిమానులున్నారు. పొగ, మసి, ఆలస్యం, అంతా డబ్బిచ్చి కొనుక్కోవడమేమిటని నవ్వేవారూ ఉన్నారు. వారి నవ్వు పూర్తిగా అన్యాయం కాదు. అయినా ఆ ప్రయాణాలవల్ల ఏది నిలుస్తున్నదో తెలియాలంటే జంషెడ్‌పూరు కథనుండే మొదలుపెట్టడం మంచిది.

బ్రిటిషు పాలనలో మన రైళ్లకు కావలసిన ఇంజన్లు దాదాపు అన్నీ ఓడలపై వచ్చేవి. ఇంజన్ తయారుచేయగల నేర్పు ఇక్కడ లేక కాదు. 1895లోనే అజ్మీరు వర్క్‌షాపు ఒక మీటర్ గేజి ఇంజన్‌ను నిర్మించింది. అది నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉన్నది. 1899లో జమాల్‌పూరు వర్క్‌షాపు కూడా ఇంజన్ నిర్మాణం చేపట్టింది. అయినా ఇంగ్లండులోని కర్మాగారాలకు ఈ దేశం పెద్ద అంగడి. ఆ అంగడిని చేజార్చుకొనడానికి అక్కడివారెవరూ సిద్ధంగా లేరు. 1921లో పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ అనే సంస్థ జంషెడ్‌పూరులో ఇంజన్ల కర్మాగారం నెలకొల్పింది. ఉక్కు పక్కనే ఉన్నది, బొగ్గు దూరం కాదు, రైలు దారి గుమ్మం ముందే ఉన్నది. లేనిదల్లా ఆర్డర్లే. ఆశించిన కొనుగోళ్లు రాలేదు, దేశీయ ఇంజన్ పరిశ్రమకు రక్షణ లభించలేదు. కొన్నేళ్లకే ఆ షాపులను ప్రభుత్వం కొని ఈస్టిండియా రైల్వేకు అప్పగించింది. ఇంజన్లు తయారుకావలసిన చోట పెట్టెల అడుగు చట్రాలు తయారయ్యాయి. సింగ్‌భూమ్ షాపులని పేరుపడిన ఈ ఆవరణనే 1945లో టాటావారు తీసుకొన్నారు. టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ, అంటే జనం నోట టెల్కో, ఆ విధంగా పుట్టింది. ఆ పేరులో లోకోమోటివ్ అన్న మాట అలంకారానికి పెట్టినది కాదు.

స్వాతంత్ర్యానంతరం పని రెండు చోట్లకు పంచబడింది. 1950లో పశ్చిమ బెంగాల్‌లోని చిత్తరంజన్‌లో మొదలైన ప్రభుత్వ కర్మాగారం ముఖ్యంగా బ్రాడ్ గేజి ఇంజన్లను చేపట్టింది. జంషెడ్‌పూరు వంతు మీటర్ గేజి. జర్మనీలోని క్రాస్-మాఫై సంస్థ సాంకేతిక సహకారంతో 1950ల మొదట్లో ఉత్పత్తి ఆరంభమైంది. ఇక్కడ తయారైనవి ప్రధానంగా రెండు తరగతులు, వైజి, వైపి. మొదటి అక్షరం గేజిని తెలుపుతుంది. జి అంటే సరుకుల బండి ఇంజన్, పి అంటే ప్రయాణికుల బండి ఇంజన్. వైపి తరగతిలో మొత్తం 871 ఇంజన్లు తయారుకాగా సగానికి పైగా జంషెడ్‌పూరువే. మిగిలినవి అమెరికా, జర్మనీ, స్కాట్లండులనుండి వచ్చాయి. ఈ రెండు తరగతులకూ ఒకే రకం బాయిలరు. ఒకదానిలోది రెండవదానికి అమర్చుకోవచ్చు. నిడివైన రైల్వే వ్యవస్థకు ఇది ఎంత సదుపాయమో మరమ్మతు షెడ్డులో పనిచేసినవారికే తెలుస్తుంది.

తెలుగు పాఠకునికి ఈ ఇంజన్లు పరాయివి కావు. గుంతకల్లునుండి నంద్యాల మీదుగా గుంటూరుకూ, సికింద్రాబాదునుండి మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలానికీ, ఉత్తరాన నిజామాబాదు మీదుగా మన్మాడుకూ పోయిన దారులన్నీ ఒకనాడు మీటర్ గేజివే. 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు వైపి, వైజి ఇంజన్లు నిత్యం కావలసిన పనిముట్లు. నల్లమల కనుమలలో బండి మెలికలు తిరుగుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో బొగ్గునలుసు పడనిచ్చుకొన్న తాతలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి పొట్టచేతబట్టుకొని ఖరగ్‌పూరుకూ టాటానగర్‌కూ తరలిన తెలుగు కుటుంబాలూ ఎన్నో. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది.

ఆవిరి యంత్రాలకు ఇక సెలవు చెప్పి డీజిలు, విద్యుత్ ఇంజన్లవైపు మళ్లాలని రైల్వేలు నిశ్చయించిన మీదట 1970లో జంషెడ్‌పూరులో ఈ పని ముగిసింది. కర్మాగారం మూతపడలేదు. 1954నుండే డైమ్లర్-బెంజ్ సహకారంతో అక్కడ లారీలు తయారవుతున్నాయి. పనివారు ఆ వైపు మళ్లారు. పరిశ్రమ దృష్టిలో ఇది సాఫల్యమే. ఒక విద్య దృష్టిలో చూస్తే, ఇనుప రేకును వంచి బాయిలరుగా మలచడం, వందలాది గొట్టాలను బిగించి నీరు కారకుండా చూడడం తెలిసిన చేతులకు ఆ పనితో అవసరం తీరిపోయింది. నడిపేవారి చేతులకు మరి కొంతకాలం పని దొరికింది. బ్రాడ్ గేజిపై ఆవిరి సర్వీసులు 1995లో ముగిశాయి. మీటర్ గేజిపై ఆ దశాబ్ది చివరి వరకు ఈడ్చుకొంటూ సాగాయి.

ఇక ప్రత్యేక రైళ్ల సంగతి. బ్రిటన్‌లో 1968 ఆగస్టు 11న ప్రభుత్వ రైల్వే తన చివరి ఆవిరి ప్రయాణికుల బండిని నడిపింది. టిక్కెట్టు ధర పదిహేను గినీలు. ఆనాటికది చాలా పెద్ద మొత్తం, అయినా జనం కొన్నారు. తరువాత ఆ రైల్వే తన దారులపై ఆవిరి ఇంజన్లనే నిషేధించి 1971లో మనసు మార్చుకొన్నది. నాటినుండి అభిమానుల సంఘాలు ఇంజన్లను కొని, బాగుచేసి, పెట్టెలు తగిలించి, టిక్కెట్లు అమ్మి నడుపుతున్నాయి. మన దేశంలో 1982 జనవరి 26న మొదలైన ప్యాలెస్ ఆన్ వీల్స్‌ను తొలి సంవత్సరాలలో మీటర్ గేజి ఆవిరి ఇంజన్లు రాజస్థాన్ ఎడారిలో లాగేవి. 1997లో ఫెయిరీ క్వీన్ అనే ఇంజన్‌ను ఢిల్లీ కంటోన్మెంటునుండి ఆళ్వారు వరకు పర్యాటకుల బండిగా నడపసాగారు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఈ యంత్రం, పనిచేస్తున్న ఆవిరి ఇంజన్లలో అతి ప్రాచీనమైనదిగా గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కింది. 2011లో దాని భాగాలు అనేకం దొంగలపాలయ్యాయి. పెరంబూరు వర్క్‌షాపులో మళ్లీ బాగుచేసి నడపవలసి వచ్చింది. నూట యాభై ఏళ్లు దాటిన యంత్రానికి కొత్త భాగాలు బజారులో దొరకవు. ఒక్కొక్కటీ చేతితో చేయవలసిందే. పెరంబూరులో ఆ పనితనం మిగిలి ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

హర్యానాలోని రేవాడి షెడ్డు 1893 నాటిది. నేడు అక్కడ ఆవిరి ఇంజన్లను ఉంచి, అవసరమైనప్పుడు నిప్పు రాజేసి నడుపుతున్నారు. అమెరికాలో 1947లో తయారైన ఆజాద్, 1965లో చిత్తరంజన్‌లో తయారైన అక్బర్ వంటి బ్రాడ్ గేజి ఇంజన్లతోపాటు వైపి, వైజి తరగతులవి కూడా అక్కడ చూడవచ్చు.

ఇటువంటి బండి ఎక్కేవానికి పొద్దున తొమ్మిదికి ప్రయాణం మొదలవుతుంది. ఇంజన్‌కు మాత్రం అది ముందురోజే మొదలవుతుంది. చల్లారిన బాయిలరును తొందరపడి వేడిచేయరాదు. ఒకవైపు లోహం వేగంగా వ్యాకోచించి ఇంకొకవైపు చల్లగా ఉంటే అతుకులు సడలుతాయి. కనుక కట్టెలతో చిన్న మంట పెట్టి, గంటలు గడిచాక బొగ్గు వేసి, రాత్రంతా కనిపెట్టుకొని ఉంటారు. వైపి బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్లు. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద మరగదు. సుమారు 200 సెంటీగ్రేడు డిగ్రీల దాకా పోతుంది. మంట పైనున్న రేకు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు తగ్గి ఆ రేకు బయటపడితే మెత్తబడి, ఆవిరి ఒత్తిడికి కూలిపోతుంది. అందుకే ఆ రేకులో సీసపు బిరడా ఒకటి అమర్చుతారు. రేకు మితిమీరి కాగగానే సీసం కరిగి, ఆవిరి మంటపైకి దూకి హెచ్చరిస్తుంది. ఆ బిరడా కరిగించుకొన్న ఫైర్‌మన్‌కు షెడ్డులో తలెత్తుకోవడం కష్టం.

భౌతికశాస్త్ర విద్యార్థి ప్రత్యేకంగా చూడదగినది ఇంజెక్టరు. బాయిలరులోని ఆవిరితోనే, అదే బాయిలరులోకి, అదే ఒత్తిడికి ఎదురుగా నీటిని తోసే చిన్న సాధనమిది. 1858లో ఫ్రాన్సు దేశీయుడు జిఫార్ కనిపెట్టాడు. మొదటిసారి వింటే ఇది అసంభవమనిపిస్తుంది. ఆవిరి సన్నని రంధ్రంగుండా మహావేగంతో దూసుకువచ్చి, చన్నీటిని తాకి తాను నీరై, తన వేగాన్ని ఆ నీటికి ఇస్తుంది. ఆ వేగం మళ్లీ ఒత్తిడిగా మారుతుంది. పుస్తకంలో మూడు పేజీల పాఠం ఇంజన్‌పై ఒక మరను తిప్పడంలో ముగుస్తుంది.

బొగ్గు వేయడం బలానికి సంబంధించిన పని అని చూసేవారు అనుకొంటారు. ఎక్కడ మంట పలచబడిందో ఆ వెలుగులో కనిపెట్టి, అక్కడే, కొద్దికొద్దిగా, తరచుగా వేయడం అందులోని మెలకువ. పొగగొట్టంనుండి నల్లని పొగ దట్టంగా వస్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు, ఛాయాచిత్రకారులు సంతోషిస్తారు. పాతకాలపు ఫైర్‌మన్ మాత్రం మొహం చిట్లిస్తాడు. కాలకుండా పోతున్న బొగ్గే ఆ నలుపు. ఎక్కుడు దారి ఎంత దూరంలో ఉందో ముందే తెలిసి, దానికి తగినట్లు మంటను సిద్ధంచేసుకోవాలి. ఎక్కుడు మొదలయ్యాక బొగ్గు వేస్తే ఆలస్యమైపోయినట్లే. దీనిని ఏ నియమావళీ నేర్పలేదు. పక్కన నిలబడి చూసి నేర్చుకోవలసినదే.

ప్రయాణికునికీ ఒక లెక్క ఉన్నది. వైపి పెద్ద చక్రం వ్యాసం 4 అడుగుల 6 అంగుళాలు, అంటే 1.37 మీటర్లు. చుట్టుకొలత 4.3 మీటర్లు. రెండు సిలిండర్ల ఇంజన్ చక్రం ఒకమారు తిరిగితే నాలుగు చప్పుళ్లు. కాబట్టి ఒక్కొక్క చప్పుడుకు బండి సుమారు ఒక మీటరు సాగుతుంది. సెకనుకు ఐదు చప్పుళ్లు లెక్కపెడితే వేగం గంటకు దాదాపు 19 కిలోమీటర్లు. కళ్లు మూసుకొని చేయవలసిన ప్రయోగమిది.

నడుమ బండి ఒక నిర్జన స్థలంలో ఆగుతుంది. అభిమానులు దిగి వరుసగా నిలబడతారు. బండి వెనుకకు పోయి, మళ్లీ ఆవిరి చిమ్ముకొంటూ ముందుకు వస్తుంది. కెమెరాలన్నీ ఒక్కసారి మోగుతాయి. పూర్వం స్టేషను స్టేషనుకూ ఉన్న నీటి స్తంభాలు చాలాచోట్ల పోయాయి గనుక ట్యాంకరు లారీ తెప్పించి నీళ్లు పట్టడం కూడా ఈ వేడుకలో ఒక ఘట్టం. చాలాసార్లు తోక చివర ఒక డీజిలు ఇంజన్ మౌనంగా తగిలి ఉంటుంది. అది అవమానమని కొందరు అభిమానులు బాధపడతారు కాని, వెనుక వచ్చే బండ్లలోని వేలాదిమందిని తలచుకొంటే అది న్యాయమైన జాగ్రత్తే.

ఖర్చు మాటకు వద్దాం. ఈ బండ్ల టిక్కెట్లు సామాన్యునికి అందేవి కావు. బొగ్గు పొగ ఆరోగ్యానికి మంచిదీ కాదు. ఇంజన్లను రంగువేసి దిమ్మెలపై నిలబెడితే చాలదా అన్న ప్రశ్నకు ఈ వ్యాసకర్త సమాధానం చాలదనే. దిమ్మెపైనున్న ఇంజన్ ఇనుమును దాస్తుంది, నేర్పును దాయలేదు. నీలగిరి దారిపై ఆవిరి ఆగిపోనందువల్ల తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దిలోనే కొత్త ఆవిరి ఇంజన్లను నిర్మించగలిగింది. 2021లో బొగ్గుతో నడిచేది కూడా ఒకటి వెలువడింది. ఇంగ్లండులో ఆ పరంపర తెగినందువల్ల టోర్నడో అనే ఒక్క ఇంజన్‌ను కొత్తగా కట్టడానికి 1994నుండి 2008 వరకు పట్టింది.

జంషెడ్‌పూరు ఇంజన్‌ను చూడగోరే విద్యార్థి స్టేషను ముందరో, మ్యూజియంలోనో నిలిచిన మీటర్ గేజి ఇంజన్ వద్దకు పోయి ముందుగా తయారీదారు పలకకోసం వెదకాలి. కంపెనీ పేరు, తయారైన సంవత్సరం దానిపై ఉంటాయి. పలకలను ఊడబెరుక్కుపోయేవారు ఎక్కువైనందున అది లేకపోవచ్చు. అప్పుడు చక్రాలను కలిపే పొడవాటి కడ్డీలను చూడాలి. షెడ్డులో ఒక ఇంజన్ భాగం మరొకదానికి పొరపాటున పోకుండా వాటిపై ఇంజన్ నంబరును సుత్తితో అచ్చువేసేవారు. అయినా అవసరానికి మార్చుకొనేవారే. ఒకే ఇంజన్‌పై రెండు మూడు వేర్వేరు నంబర్లు కనిపించడం అరుదు కాదు.