ముందు గోడ అంచు చూడు

చి. మేనల్లుడికి,

కొలంబస్‌లో మీరు కొన్న ఇంటి ఫొటోలు చూశాను. మే నెలలో తను, బావ వచ్చేలోగా బేస్‌మెంట్ నేలకు రంగు వేసి పిల్లలకు ఆటగది చేస్తావనీ, ఈ శనివారమే డబ్బాలు తెస్తున్నావనీ అక్క చెప్పింది. డబ్బాలు తెచ్చేముందు మూడో ఫొటో ఒక్కసారి చూడు. గోడ, నేల కలిసేచోట తెల్లటి పొడి గీతలా ఉంది. అది దుమ్ము కాదు నాన్నా, ఉప్పు. కాంక్రీటులోంచి ఊరిన నీరు ఆరిపోతూ వదిలిన ఉప్పు. మన ఊళ్ళో పాత గోడలు ఉప్పు కారినట్టే.

న్యూజెర్సీలో మా మొదటి ఇంట్లో నేను దాన్ని చీపురుతో ఊడ్చి రంగు వేసేశాను. మార్చిలో మంచు కరిగేసరికి గోడ వెంట జానెడు మేర రంగు అప్పడంలా పొంగింది. గది మధ్యలో మాత్రం చెక్కు చెదరలేదు. కింది నుంచి తోసే నీటిని ఏ రంగూ ఆపలేదు. కప్పు మీది వాన నీళ్ళు గోడ పక్కనే పడుతున్నాయేమో చూడు. పడుతుంటే గొట్టం తగిలించి కనీసం 6 అడుగులు దూరంగా వదులు. ఆ తరవాత 18 అంగుళాల ప్లాస్టిక్ షీట్లు రెండు, ఒకటి గోడ పక్కన, ఒకటి మధ్యలో, నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలెయ్. అడుగున చెమ్మ కనిపిస్తే రంగు మాట మరిచిపో. మంచి వాన పడ్డాక ఇంకోసారి పరీక్షించు.

కొన్ని ఇళ్ళలో గోడకూ నేలకూ మధ్య వేలెడు సందు కావాలనే వదులుతారు. గోడ మీంచి దిగిన నీరు అందులోంచే సంప్ గుంటకు పోతుంది. అందంగా లేదని దాన్ని పూడ్చకు. అంచు దాకా రంగు వేసి ఆపు. అది సందు కాక సన్నని పొడి పగులైతే పాలియురెథేన్ సీలెంట్ నింపు. సిలికాన్ వద్దు, దానిమీద రంగు నిలవదు.

నేలను జిడ్డు పోయేలా కడిగి, గరుకు చేసి, నాలుగు నీటి చుక్కలు వెయ్యి. అవి ఇంకిపోతేనే రంగు పడుతుంది. వాటర్ హీటర్ గ్యాసుదైతే, ఘాటు వాసన వచ్చే రంగు వాడేటప్పుడు పైలట్ మంట తప్పకుండా ఆర్పు. ఈ ఒక్కటీ అశ్రద్ధ చేయకు.

అంచుల పని ఇద్దరు చేయాలి. మీ ఆవిడ రెండున్నర అంగుళాల ఏటవాలు బ్రష్‌తో గోడ వెంట 3 అంగుళాల పట్టీ వేస్తూ వెళ్తే, అది ఆరకముందే నువ్వు రోలర్‌తో కలిపెయ్యాలి. గదంతా అంచులు ముందే వేసి పెట్టుకుంటే, ఆరాక పటం కట్టినట్టు చారలు కనిపిస్తాయి. మెట్లకు దూరపు మూలలో మొదలుపెట్టండి. మాస్కింగ్ టేపును రంగు పచ్చిగా ఉండగానే లాగాలి. ఆరాక లాగితే రంగు కూడా ఊడి వస్తుంది.

గోడ అడుగున చెక్క పట్టీ కొట్టకు, చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. 4 అంగుళాల వినైల్ పట్టీ చాలు. సందు ఉన్నచోట అదీ నేలకు తాకకూడదు.

షీటు ఎత్తిన రోజు, కింద ఎలా ఉందో ఫొటో తీసి పంపు. అది చూశాక శనివారం సంగతి మాట్లాడుకుందాం.

మీ మామయ్య