అక్షరమా? అక్షరాల ఫొటోనా?

మేడ్చల్ నాగపూర్ దారిలో ఉంది. శామీర్‌పేట కరీంనగర్ దారిలో ఉంది. శామీర్‌పేట చెరువు దగ్గర కొందరు కలిసి, లాభం ఆశించకుండా ఒక కళాకేంద్రం నడుపుతున్నారనుకుందాం. ఆదివారాల్లో చిందు యక్షగానం, పేరిణి లాస్యం నేర్పుతారు. చేర్యాల బొమ్మలు వేయిస్తారు. మేడ్చల్ నుంచి ఒక అమ్మాయి ఎంతో ఆశతో వెళ్ళింది. తీరా చూస్తే ఆ వారం సెలవు! రానూపోనూ ఛార్జీలు, ఒక పూట దండగ. ఈ దండగ తప్పాలంటే కేంద్రానికి వెబ్‌సైటు ఉండాలి. ఆ పని మీకు అప్పగిస్తే ఎలా చేస్తారు?

ముందుగా కాగితం, పెన్సిలు తీసుకోండి. వచ్చేవారు అడిగే ప్రశ్నలు రాయండి. ఏం నేర్పుతారు? ఏ రోజు, ఎన్ని గంటలకు? ఏ బస్సు ఎక్కాలి? ఫీజు ఉందా? విరాళమిచ్చేవారు ఇంకొకటి అడుగుతారు: మా డబ్బు దేనికి ఖర్చయింది? ఈ జవాబులు వెతుక్కోకుండా దొరకాలి. అదే మంచి రూపకల్పన.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కరపత్రాన్ని ఫొటో తీసి పెట్టేస్తారు. చూడటానికి అక్షరాలే గదా, తేడా ఏమిటి?

కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు ఒక్కొక్కటి ఒక్కో లెక్క పాటించేవి. ఒక ఫాంటులో రాసింది మరో ఫాంటులో గజిబిజిగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ ఈ చిక్కు తీర్చింది. అందులో 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. ‘అ’ 3077, ‘క’ 3093. ‘నాట్యం’ అనే మాటలో న, దీర్ఘం, ట, పొల్లు, య, సున్న అని ఆరు గుర్తులున్నాయి. వెబ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. అంటే మొత్తం 18 బైట్లు.

వెయ్యి గుర్తుల కరపత్రానికి 3,000 బైట్లు చాలు. దాని ఫొటో 30 లక్షల బైట్లు ఉందనుకోండి. వెయ్యి రెట్లు! సెకనుకు 10 లక్షల బిట్లు అందే ఫోనులో ఫొటో రావటానికి 24 సెకన్లు పడుతుంది. అక్షరాలు సెకనులో నలభయ్యో వంతులోనే వచ్చేస్తాయి. బైటుకు 8 బిట్లు. లెక్క మీరే వేసి చూడండి.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. అక్షరాలైతే అవి చదువుతాయి. ఫొటో అయితే తరచు ‘బొమ్మ’ అని ఊరుకుంటాయి. ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాములు ఇప్పుడు వచ్చాయి గాని, అవి తప్పులు చేస్తాయి. గంట తప్పు చదివితే తరగతి తప్పిపోతుంది!

అయితే ఫొటోలు వద్దా? కావాలి, నాట్యాన్ని కళ్ళారా చూడాలి గదా. కాని 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉన్న ఫొటోను 1000, 750కి తగ్గించండి. చుక్కలు పదహారో వంతు అవుతాయి. ‘గజ్జెలు కట్టిన ఆరుగురు పిల్లలు చిందు వేస్తున్నారు’ అన్నట్లు ప్రతి ఫొటోకు ఒక వాక్యం జతచేయండి.

చివరగా, సెలవులు మారిన రోజే పేజీని మార్చాలి. పాత సమాచారం ఆ అమ్మాయిని మళ్ళీ ఉత్తచేతులతో తిప్పి పంపుతుంది.

చేసి చూడండి: మీకు తెలిసిన ఒక సంస్థ వెబ్‌సైటు తెరవండి. ప్రకటన మీద వేలు నొక్కి పట్టండి. ఒక్క మాటను ఎంచుకొని, కాపీ చేసి, వేరేచోట అతికించగలిగారా? అయితే అవి అక్షరాలు. లేకపోతే ఫొటో కావచ్చు. ఫొటో అయితే ఆ ప్రకటనను టైపు చేసి వారికి ఇవ్వండి.